యంత్రశాస్త్రము చదివిన కుఱ్ఱవాడును మన సహకార సంఘములును

ప్రతి సంవత్సరమును ఇంజనీరింగు కళాశాలలలో సీట్లు పంచు దినములు రాగానే మెట్‌పల్లి, కోరుట్ల, మల్లాపూరు, ఇబ్రహీంపట్నము ప్రాంతముల రైతు సోదరులు నన్ను తప్పక యడుగు ప్రశ్న యొకటి కలదు. “అయ్యా, మావానికి మెకానికల్ శాఖలో సీటు వచ్చినది. కంప్యూటరు శాఖ దొరకలేదు. ఈ చదువునకు మున్ముందు అన్నము పుట్టునా? లేక దీనిని మానిపించి మఱియొక త్రోవ చూచుకొమ్మందురా?” అని వారి మాట. వ్యవసాయ ప్రదర్శకుడనై గ్రామగ్రామము తిరుగువాడను గాన విత్తనములనుగూర్చియు ఎరువులనుగూర్చియు అడిగినట్లే దీనిని గూడ నన్నడుగుదురు. ఇది యొక యింటి ప్రశ్నవలె గనబడును గాని, నిజముగా నిది మన సంఘములన్నిటి ప్రశ్న. కావుననే యీ పత్రికాముఖమున నా యభిప్రాయమును విన్నవించుచున్నాను.

తండ్రుల భయము నిష్కారణమైనది కాదు. మన కన్నులయెదుటనే ముత్యంపేట చక్కెర కర్మాగారము 2015వ సంవత్సరము డిసెంబరు నెలలో మూతపడినది. బాయిలరు కాచినవారు, ఫిట్టర్లు, ఇంజనీర్లు చెదరిపోయిరి. చెఱకు వేసిన రైతులు పసుపునకును, మొక్కజొన్నకును, వరికిని మఱలిరి. రామగుండములో 1971వ సంవత్సరమున వెలసిన 62.5 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రము ఏబదియేండ్లకు పైగా పనిచేసి 2024 జూను నెలలో నిలిచిపోయినది. ఇట్టివి చూచిన తండ్రి, పొగగొట్టముల కాలము గడచుచున్నది గాన యంత్రములు నేర్చినవాని కాలమును గడచినదని తలంచుట సహజమే. కాని యీ తర్కమున నొక లోపము గలదు. పోవుచున్నది పొగయే గాని చక్రము కాదు.

యంత్రశాస్త్ర మనగా నేమి? వేడి యొకచోటినుండి మఱియొకచోటి కెట్లు ప్రవహించును, నీరును గాలియు గొట్టములలో నెట్లు పాఱును, చక్రము తిరుగునపు డిరుసుపై నెంత భారము పడును, ఏ లోహ మెంత బలమునకు వంగును, ఎన్నాళ్లకు పగులును అను విషయములను లెక్కకట్టి తెలిసికొనుటయే యంత్రశాస్త్రము. బొగ్గు విద్యుత్కేంద్రములో నిప్పు నీటిని ఆవిరి చేయును. ఆ యావిరి చక్రమును త్రిప్పును. పోచంపాడు శ్రీరాంసాగరు ఆనకట్టయొద్ద 36 మెగావాట్ల కేంద్రములో, కాకతీయ కాలువకు పోవు నీరే ముందు చక్రమును త్రిప్పి, పిమ్మట మన పొలములకు వచ్చును. అనంతపురము సీమలోని కొండలమీద గాలియే చక్రమును త్రిప్పుచున్నది. గోబరుగ్యాసుతో నడచు ఇంజనులో పేడనుండి పుట్టిన వాయువు పిస్టనును త్రోయుచున్నది. త్రిప్పునది మాఱినది, తిరుగునది మాఱలేదు. సౌరఫలకములలో మాత్రము చక్రము లేదు. అచ్చట వెలుతురే విద్యుత్తుగా మాఱును. ఐనను అక్కడ సహితము యంత్రజ్ఞుని పని తీఱిపోలేదనుటకు మన రామగుండమే సాక్ష్యము.

రామగుండమున ఎన్.టి.పి.సి. సంస్థ 1983వ సంవత్సరమునుండి బొగ్గుతో విద్యుత్తును పుట్టించుచున్నది. బాయిలర్లు, టర్బైనులు, పెద్ద పంపులు చూచు మెకానికల్ ఇంజనీర్లకు అది పుట్టినిల్లువంటి చోటు. ఆ సంస్థయే తన జలాశయముపై 100 మెగావాట్ల తేలియాడు సౌరవిద్యుత్కేంద్రమును నెలకొల్పి, 2022 జులై 1వ తేదీనాటికి పూర్తిగా నడుపనారంభించెను. కట్టినది భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ సంస్థ; వ్యయము 423 కోట్ల రూపాయలు. 500 ఎకరముల మేర వ్యాపించిన యీ కేంద్రమును 40 భాగములుగా విభజించిరి. ఒక్కొక్క భాగము 2.5 మెగావాట్లది, ఒక్కొక్కదానియందు 11,200 ఫలకములు. ఇవి గట్టి ప్లాస్టికు తెప్పలమీద అమర్చబడినవి. ట్రాన్స్‌ఫార్మరు మొదలగు పరికరములు సహితము ఇనుపతీగయు సిమెంటును కలిపి చేసిన తేలు వేదికలమీదనే యున్నవి. ఇవన్నియు కొట్టుకొనిపోకుండ, జలాశయపు టడుగున నుంచిన కాంక్రీటు దిమ్మెలకు బలమైన త్రాళ్లతో కట్టబడియున్నవి.

రైతులు దీనిని నిదానముగా నాలోచింపవలెను. సౌరఫలకము వెలుతురు నాశించును గాని వేడిని ఓర్వదు. ఫలకము వేడి యొక్క డిగ్రీ పెరిగినకొలది దాని ఫలము నూటికి సుమారు 0.4 వంతు తగ్గును. రామగుండపు వైశాఖమాసపు టెండ యెట్టిదో మనకు జెప్పనక్కఱలేదు. క్రింద నీరుండుటచే ఫలకము కొంత చల్లగా నుండి యెక్కువ విద్యుత్తు నిచ్చును. పైన ఫలకముండుటచే నీరు ఆవిరియై పోవుట తగ్గును. ఈ విధముగా ఏటికి సుమారు 32.5 లక్షల ఘనమీటర్ల నీరును, 1,65,000 టన్నుల బొగ్గును మిగులునని సంస్థవారి లెక్క. ఇక గాలివాన వచ్చినపుడు ఆ తెప్పలపై నెంత త్రోపు పడును? జలాశయమున నీరు దిగినపుడు త్రాడు సడలినచో తెప్ప యెచ్చటికి పోవును? నీరెక్కినపుడు బిగిసినచో తెగునా? ఎండలో నానాట ప్లాస్టికు ఎన్నియేండ్లు నిలుచును? ఇవి విద్యుచ్ఛాస్త్రపు ప్రశ్నలు కావు, యంత్రశాస్త్రపు ప్రశ్నలు. బొగ్గు కొలిమివద్ద ఏ విద్య పనికివచ్చెనో ఆ విద్యయే తెప్పమీదను పనికివచ్చినది.

మెకానికల్ విద్యనుండి ఈ త్రోవకు వచ్చినవారిలో తులసీ తాంతీ గారి చరిత్ర రైతులు తెలియదగినది. ఆయన గుజరాతువాడు, వాణిజ్యశాస్త్ర పట్టమును, మెకానికల్ ఇంజనీరింగులో డిప్లొమాయు పొందినవాడు. సూరతులో బట్టల పరిశ్రమ నడుపుచుండగా కరెంటు ఖర్చు లాభమును తినివేయుచుండెను. తనకు వలసిన విద్యుత్తును తానే పుట్టించుకొనవలెనని రెండు గాలిమరలు కొనెను. పిమ్మట 1995లో గాలిమరలనే చేయుటకు సుజ్లాన్ అను సంస్థను స్థాపించెను. అది దేశదేశములకు వ్యాపించినది. 2022 అక్టోబరు 1వ తేదీన ఆయన కాలధర్మము నొందెను. ఆ సంస్థ అప్పులలో చిక్కి బాధపడిన దినములును గలవు, అది దాచనక్కఱలేదు. కాని మనము గమనింపవలసినది ఆయన త్రోవ మొదలైన చోటు. లోకమును ఉద్ధరింపవలెనను గొప్ప మాటతో అది మొదలుకాలేదు. నెలనెల వచ్చు కరెంటు బిల్లుతో మొదలైనది. నేత యెఱిగిన మెట్‌పల్లివారికి ఈ సంగతి సులభముగా బోధపడును.

అంతకంటె పాతదియు, మన సంఘములకు మఱింత దగ్గఱదియు నైన దృష్టాంతము డెన్మార్కు దేశమున గలదు. పాల్ లా కూర్ అను పంతులు 1891వ సంవత్సరమున అస్కోవ్ అను పల్లెలోని రైతుబిడ్డల పాఠశాలయందు విద్యుత్తు పుట్టించు గాలిమరను నిలిపెను. మరను నిలుపుటతో ఆయన తృప్తిపడలేదు. 1904వ సంవత్సరమునుండి పల్లెటూరి యువకులకు, తమ గ్రామములలో విద్యుద్యంత్రములను నడుపు పని నేర్పుటకు తరగతులు పెట్టెను. ఆ తరగతిలో నేర్చిన యోహానెస్ యూల్ అను శిష్యుడు, ముసలితనమున, 1957లో గెద్సర్ అనుచోట 200 కిలోవాట్ల గాలిమరను నిర్మించెను. నేటి గాలిమరలకు అది మాతృకగా నెంచబడుచున్నది. అదే దేశమున లెమ్ అను పల్లెలో 1898లో ఒక కమ్మరి కొలిమి పెట్టగా, ఆయన కుమారుడు 1945లో వెస్టాస్ అను కర్మాగారమును ప్రారంభించి, పాడిరైతులకు పాలు చల్లార్చు యంత్రములు మొదలగునవి చేయించెను. ఆ సంస్థయే 1979నుండి గాలిమరలు అమ్ముచు నేడు లోకమున మిక్కిలి పెద్ద గాలిమర సంస్థలలో నొకటియై యున్నది. గాలి ఎల్లదేశములలోను వీచుచున్నది. డెన్మార్కువారికి గలిగిన లాభము గాలివలన గాక, పల్లెలో పని నేర్చినవాడుండుటవలన గలిగినది.

ఇక మన పల్లెల సంగతి విచారింతము. నేను గ్రామములు తిరుగునపుడు చూచిన యొక దృశ్యమును చెప్పెదను. ఒక గ్రామమున సబ్సిడీమీద వచ్చిన సౌర ఆరబెట్టు పెట్టె యొకటి యున్నది. మొదటి యేడు మిరపయు పసుపును చక్కగ నారెను. రెండవ యేట దానిలోని పంకా నిలిచిపోయెను. చెడినది చిన్న బేరింగు. అమ్మినవారికి పలుమాఱులు ఫోను చేసినను జవాబు లేదు. ఊరి మోటారు మేస్త్రీ, “ఇది నా యెఱుకలోనిది కాదు” అని చేతులు కడుగుకొనెను. నేను పోయినపుడు ఆ పెట్టెలో కోళ్లు గ్రుడ్లు పెట్టుచుండెను. గోబరుగ్యాసు తొట్లు ఎన్నిచోట్ల డోలు త్రుప్పుపట్టి పిడకల గదులైనవో మీలో పెక్కురు ఎఱుగుదురు. యంత్రమునకు సబ్సిడీ గలదు. యంత్రమును కనిపెట్టియుండువానికి లేదు. ఒక గ్రామమున ఒక యంత్రము చచ్చినచో చుట్టుప్రక్కల పది గ్రామములలో దానిపై నమ్మకము చచ్చును. ఇదియే నిజమైన నష్టము. సర్కారు సొమ్ము పోవుటకంటె ఇది గొప్ప నష్టము.

కావున నా యభిప్రాయ మిది: మన సంఘములు యంత్రము కొనుటకు ముందు యంత్రజ్ఞుని సంపాదింపవలెను. ఇట్లు చేసినచో రెండు కొఱతలు ఒక్కమాఱే తీఱును. చదివిన కుఱ్ఱవానికి పని దొరకును. మన యంత్రములు బ్రతుకును.

వానికి మన ప్రాంతమున పని యెంత గలదో చూతము. మొదట పంపును తీసికొందము. నష్టమే లేనియెడల ఒక యూనిటు విద్యుత్తు ముప్పది మీటర్ల లోతునుండి సుమారు 12,000 లీటర్ల నీటిని పైకెత్తగలదు. నూటికి 40 వంతులు ఫలించు పంపు 4,900 లీటర్లు ఎత్తును. అరిగిన చక్రమును, ఇరుకు గొట్టమును, చెడిన ఫుట్‌వాల్వును గలిగి 25 వంతులే ఫలించు పంపు 3,000 లీటర్లు మాత్రమే యెత్తును. అనగా, ఫలకముల సంఖ్య నొక్కటియైన పెంచకుండ, పంపును గొట్టమును సరిచేసినంతమాత్రమున నీరు ఒకటిన్నర రెట్లకు మించి లభించును. ఈ లెక్క కట్టువాడు లేక మన రైతు ఎక్కువ గుఱ్ఱపు బలము గల మోటారు కొనుచున్నాడు. సౌరపంపు వచ్చినను చెడిన గొట్టము చెడిన గొట్టమే.

రెండవది పసుపు. 2025వ సంవత్సరమున జాతీయ పసుపు బోర్డు ప్రారంభింపబడి నిజామాబాదున దాని కార్యాలయము వెలసినది. ధరలనుగూర్చి యెన్నో మాటలు వినుచున్నాము. కాని ఉడికించిన పసుపును కల్లములో పదిపదియేను దినములు ఆరబెట్టుకాలమున అకాలవర్షము కురిసినచో కొమ్ము రంగు చెడి ధర పడిపోవుటకు బోర్డేమి చేయగలదు? లెక్క చూడుడు. నూరు కిలోల ఉడికిన పసుపునుండి సుమారు డెబ్బదియైదు కిలోల నీరు పోవలెననుకొందము. ఒక కిలో నీటిని ఆవిరి చేయుటకు సుమారు 540 కిలోకేలరీల వేడి కావలెను. మొత్తము 40,500 కిలోకేలరీలు, అనగా 47 యూనిట్లకు సమానము. మన ప్రాంతమున ఒక చదరపు మీటరు నేలపై దినమునకు సుమారు 5 యూనిట్ల ఎండ పడును. మంచి పెట్టె దానిలో 2 యూనిట్లు పట్టుకొన్నను, ఆఱు చదరపు మీటర్ల కప్పుగల పెట్టె నాలుగు దినములలో ఈ పని చేయవలెను. చేయవలెను గాని చేయునా? అది గాలి సాగుబాటుమీద, అరల యమరికమీద, పంకామీద ఆధారపడును. కడపటి యరలోని పసుపు తడిగానే యుండి మొదటి యరలోనిది మాడిపోయినచో లెక్క తప్పును. ఈ తప్పును సవరించుటయే యంత్రశాస్త్రమున వేడిని గూర్చిన భాగము. పరీక్షకొఱకు చదివిన పాఠమును మన కల్లములో పెట్టి చూచుకొనవచ్చును.

మూడవది చెత్తనుండి పుట్టు వాయువు. సుమారు ఇరువదియైదు కిలోల పేడనుండి ఒక ఘనమీటరు గ్యాసు వచ్చునని లెక్క. నాలుగైదు పశువులుగల యింటికి రెండు ఘనమీటర్ల తొట్టి చాలును. పెద్ద ఎత్తున చేయుటకు హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టు మంచి దృష్టాంతము. అచ్చట దినమునకు పది టన్నుల వఱకు వ్యర్థములను గ్రహించి సుమారు 500 యూనిట్ల విద్యుత్తును, వంటకు కొంత గ్యాసును పుట్టించు కేంద్రమును, హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థవారి పద్ధతి ననుసరించి నెలకొల్పిరి. ఆ పద్ధతిని వృద్ధిచేసిన శాస్త్రజ్ఞుడు మన తెలుగువాడు, ఎ. గంగాగ్ని రావు గారు. కుళ్లిన టమాటయు ఆకులును నిన్న దుర్గంధము, నేడు దీపము. కూరగాయలు వచ్చు ప్రతి మార్కెట్టునందును ఈ యాలోచన చేయదగినది. ఐతే అక్కడను కలిపెడు యంత్రము, పంపు, ఇంజను మూడును కదలుచుండవలెను; కదలునది చెడును; చెడినది బాగుచేయువాడు కావలెను.

నాలుగవది సంఘముల పేరిటనే విద్యుత్తు. కేంద్రప్రభుత్వము 2019లో ప్రారంభించిన కుసుం పథకము 500 కిలోవాట్లనుండి 2 మెగావాట్ల వఱకు సౌరకేంద్రములను, సబ్‌స్టేషనుకు ఐదు కిలోమీటర్ల లోపున, రైతులతోపాటు సహకార సంఘములును, పంచాయతీలును, రైతు ఉత్పత్తిదారుల సంస్థలును పెట్టుకొనుటకు అర్హత నిచ్చినది. ఒక మెగావాటునకు నాలుగైదెకరముల పనికిరాని నేల చాలును. కిలోవాటునకు దినమునకు నాలుగు యూనిట్ల చొప్పున ఒక మెగావాటునకు దినమున 4,000 యూనిట్లు వచ్చును. ప్రస్తుతము అమలులోనున్న ధరలను నియమములను జిల్లా పునరుద్ధరణీయ ఇంధనాభివృద్ధి సంస్థ కార్యాలయమున విచారించి తెలిసికొన్న పిమ్మటనే యడుగు వేయవలెను. అప్పు చేసి తొందరపడరాదు.

నా మాటలకు మూడాక్షేపణలు వచ్చునని యెఱుగుదును. “తెలంగాణమున వ్యవసాయమునకు కరెంటు ఉచితముగా వచ్చుచున్నదిగదా, మాకు సూర్యునితో నేమి పని?” అనునది మొదటిది. మీకు ఉచితమైనది లోకమునకు ఉచితము కాదు. ఆ సొమ్మును ప్రభుత్వము చెల్లించుచున్నది. అనగా మఱియొక జేబునుండి మనమే చెల్లించుచున్నాము. అంతియగాక పసుపు ఆరుటకును, ధాన్యము మరపట్టుటకును, పాలు చల్లార్చుటకును ఉచిత విద్యుత్తు లేదు. పొలమునకు దొరకిన వరము కల్లమునకు దొరకలేదు.

“చదివినవాడు పల్లెలో నిలుచునా?” అనునది రెండవది. గౌరవమును స్థిరమైన జీతమును ఇయ్యకుండ నిలువుమనుట న్యాయము కాదు. మనము వానిని మోటారు మేస్త్రీగా పిలిచి, కూలి లెక్కన సొమ్మిచ్చి, పని తప్పినపుడు మాత్రము ఇంజనీరువుగదా యని నిందించినచో వాడు హైదరాబాదునకు పోవుటయే మంచిది. పట్టణమున మెకానికల్ చదివి తన విద్యకు సంబంధములేని కుర్చీలో కూర్చున్న మన పిల్లలు ఎందఱో గలరు. వారందఱును రారు, కొందఱు వత్తురు. మనకు కావలసినది కొందఱే.

“సంఘమునకు సొమ్మెక్కడిది?” అనునది మూడవది. ఒక్క సంఘము మోయలేనిదానిని పది సంఘములు మోయవచ్చును. నెలకు 30,000 రూపాయల జీతమని యెంచుకొందము. పది సంఘములు కలిసినచో ఒక్కొక్కదాని వంతు 3,000 రూపాయలు. వేయిమంది సభ్యులుగల సంఘమున తలకు నెలకు మూడు రూపాయలు. మూడు రూపాయల పనికి మన రైతు వెనుదీయడు. ఆ సొమ్ము ఎచ్చటికి పోవునో తెలియనపుడే వెనుదీయును. కావున లెక్క నెలనెల సంఘపు గోడమీద నంటింపవలెను.

మన సీమకు ఇట్టి సాహసము క్రొత్తది కాదు. 1956లో స్థాపింపబడిన ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు అప్పులిచ్చుటతో నిలువక రైతుకు వలసిన పనులెన్నో తలకెత్తుకొన్నది. 1970లో సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘము వెలసినది. దేశమున మొట్టమొదట నెలకొల్పిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘములలో అది యొకటి. దీపమును ఇంటింటికి చేర్చు పనిని సంఘమే చేయగలదని మన కరీంనగరు రైతులే ఏబదియేండ్ల క్రిందట చూపిరి. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెను ఎదుట సముద్రములో 2000 సంవత్సరమున నిలిపిన మిడెల్‌గ్రుందెన్ గాలిమరలు ఇరువదిలో సగము, ఎనిమిదివేలకు పైగా సభ్యులున్న సహకార సంఘపు సొత్తు. వారు చేయగలిగినది మనము చేయలేమనుటకు కారణమేమియు కనబడదు.

కావున చేయవలసిన పనులను సంక్షేపముగా విన్నవింతును. మొదటిది, మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతపు సంఘములు కలిసి ఒక మెకానికల్ ఇంజనీరును మూడేండ్ల యొప్పందముపై నియమింపవలెను. రెండవది, పది తరగతులు చదివి ఐ.టి.ఐ.లో ఫిట్టరు లేక ఎలక్ట్రీషియను పని నేర్చిన మన గ్రామ యువకులను, 2015నుండి జాతీయ సౌరశక్తి సంస్థ పక్షమున సాగిన 600 గంటల ‘సూర్యమిత్ర’ వంటి శిక్షణలకు పంపి, ఆ ఇంజనీరుకు చేయూతగా నిలుపవలెను. మూడవది, నాచుపల్లిలోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయ కళాశాలవారితో మాటలాడి, కడపటి సంవత్సరపు విద్యార్థులు చేయవలసిన పనికి మన పసుపు కల్లములను, మన పంపులను విషయముగా నిప్పింపవలెను. నాలుగవది, యంత్రము అమ్మువానితో వ్రాసికొను పత్రములో ఐదేండ్ల మరమ్మతు, విడిభాగముల నిలువ, ఎన్నిదినములలో వచ్చి బాగుచేయవలెనను గడువు స్పష్టముగా నుండవలెను. కొంత సొమ్ము ఆ గడువు తీఱువఱకు మన చేతనే యుండవలెను. ఐదవది, ప్రతి యంత్రమునకు ఒక పుస్తకము పెట్టి ఏ దినమున నడచెను, ఏ దినమున నిలిచెను, ఎందుకు నిలిచెనను సంగతి వ్రాయవలెను. ఈ పుస్తకము లేనియెడల ఇంజనీరున్నను గ్రుడ్డివాడే.

తండ్రులకొక మాట. మీ కుమారుడు యంత్రములయందు నిజముగా ఆసక్తి గలవాడైనచో మెకానికల్ శాఖను చూచి భయపడవలదు. ఐతే పట్టము చేతికి వచ్చువఱకు పుస్తకములతోనే యుంచవలదు. సెలవులలో బావి పంపును విప్పి మరల బిగింపనిండు. పసుపు ఉడికించు బాయిలరువద్ద ఎంత కట్టె కాలినది, ఎంత పసుపు ఉడికినది లెక్క వ్రాయుమనుడు. చేతికి నూనె అంటనివానికి ఏ శాఖయు అన్నము పెట్టదు; అంటినవానికి బొగ్గు పోయినను సూర్యుడున్నాడు.

యువకులకొక మాట. పెద్ద సంస్థలలో పని దొరకినచో పోవుడు. రామగుండపు తెప్పలవంటి గొప్ప పనులు అచ్చటనే నేర్వవచ్చును. నేర్చిన పిమ్మట ఐదేండ్లకైనను ఒకమాఱు మీ యూరివైపు చూడుడు. అచ్చట నూరు మెగావాట్లు నడపువాడొకడు లేకున్నను మఱియొకడు దొరకును. ఇచ్చట ఒక పంకా బేరింగు మార్చువాడు లేక ఒక గ్రామపు నమ్మకమే నిలిచిపోయినది.

పాలకవర్గముల సభ్యులారా! వచ్చు మహాసభ కార్యక్రమములో ఈ విషయము నొక తీర్మానముగా చేర్పుడు. క్రొత్త యంత్రమునకు దరఖాస్తు వ్రాయుటకు ముందు, ఊరిలో నిలిచిపోయిన పాత యంత్రము లెన్ని గలవో, ఏ దోషమున నిలిచెనో ఒక పట్టిక వ్రాయించి సభ ముందుంచుడు. ఆ పట్టికయే ఇంజనీరు అవసరమా కాదా యను ప్రశ్నకు నాకంటె బాగుగా జవాబు చెప్పును.